మూడు రోజుల ట్రైనింగ్ అయిపోయింది. నాలుగో రోజు ఎవరికి ఫోన్ చేయాలి?

చాప_మీద_బడి, తిరుపతి | 12 జూన్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. చంద్రగిరి, పాకాల, పుత్తూరు వైపు ఊళ్లలో ఆరేళ్ల లోపు పిల్లల ఇళ్లకు వెళ్లి పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలు, వినపడని పిల్లలు, నెలలు నిండక పుట్టినవాళ్లు, ఇలా అందరూ ఉంటారు. మాకు 22 మంది ఫీల్డ్ వర్కర్లు. ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ చదివిన అమ్మాయిలే, అదే ఊళ్ల వాళ్లు. ఈ ఏడాది వాళ్ల ట్రైనింగ్ నన్ను చూసుకోమన్నారు.

పోయిన ఏడాది ఎలా జరిగిందో చెప్తాను. తిరుపతిలో ఒక హాలు తీసుకుని మూడు రోజులు పెట్టారు. బయటి నుంచి వచ్చిన మేడమ్ బాగానే చెప్పారు, కానీ స్లైడ్లన్నీ ఇంగ్లీషు. మూడో రోజు సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో, తలా ఒక బొమ్మల సంచి. రెండు నెలల తర్వాత పాకాల దగ్గర ఒక ఊరికి మా అమ్మాయి వెంట వెళ్లాను. బాబుకు ఏడాదిన్నర. ఇంకా నిలకడగా కూర్చోలేడు. మా అమ్మాయి చాప పరిచి, వాణ్ణి గోడకు ఆనించి, సంచిలోంచి పండ్ల బొమ్మల కార్డులు తీసి "యాపిల్, యాపిల్" అని చూపిస్తోంది. వాడు పక్కకు ఒరుగుతాడు, ఆమె లేపుతుంది, మళ్లీ ఒరుగుతాడు. పక్కనే వాళ్లవ్వ చేటలో చెనిక్కాయలు ఒలుస్తోంది. వాడి చూపంతా ఆ చేట మీదే. కాయ చిట్లినప్పుడల్లా కుడిచెయ్యి అటు కదుపుతున్నాడు. మా అమ్మాయి అది చూడలేదు. నిజం చెప్పాలంటే మొదటి ఐదు నిమిషాలు నేనూ చూడలేదు, ఆమె కార్డులు ఎలా పట్టుకుందో చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చాక అడిగాను, "ఈ బాబును కూర్చోబెట్టే విషయంలో డౌటొస్తే ఎవర్ని అడుగుతావు?" అని. "ఎవర్ని అడుగుతాను మేడమ్, ఫైల్ చూసుకుంటాను" అంది. ఫైల్ ఇంగ్లీషులో ఉంది.

ఈసారి డబ్బు పోయినేటి కంటే తక్కువ. టైము ఆరు నెలలు. ఏం చేయమంటారు?

ఫిజియో_పలమనేరు | 12 జూన్, రాత్రి 10:25

మేడమ్, ముందు ఒక జాగ్రత్త. ఆ అవ్వ చేట మంచి అవకాశమే, కానీ ఒలిచిన గింజ ఆ వయసు బిడ్డ చేతికి అందకూడదు. నోట్లో పెట్టుకుంటే ఊపిరిగొట్టంలో ఇరుక్కుంటుంది. ఒలవని కాయలే ఇవ్వాలి, అవీ పెద్దవాళ్ల కళ్లెదుటే.

ఇక అసలు సంగతి. చేత్తో చేసే పని చేత్తోనే నేర్పాలి. హాల్లో ప్లాస్టిక్ బొమ్మను పట్టుకుని "తుంటి దగ్గర ఇలా పట్టండి" అంటే అందరికీ వచ్చేసినట్టే ఉంటుంది. బొమ్మ ఏడవదు, బిగుసుకోదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పడం) ఉన్న బిడ్డ రెండూ చేస్తుంది. చేతులు పట్టి లాగి లేపితే ఒళ్లంతా కట్టెలా బిగుస్తుంది. పక్కకు దొర్లించి మోచేతి మీదుగా లేపితే అదే బిడ్డ మెత్తగా లేచి వస్తుంది. ఆ తేడా వర్కర్ అరచేతికి తెలియాలి.

నా తప్పు ఒకటి చెప్తాను. చేరిన కొత్తలో, కూర్చోలేని ఒక పాపకు ప్లాస్టిక్ టబ్బులో పాత చీరలు కుక్కి మధ్యలో కూర్చోబెట్టమని వాళ్లమ్మకు చూపించాను. పైసా ఖర్చు లేదు, పాప కూడా చక్కగా కూర్చుంది. నాకు భలే గర్వంగా అనిపించింది. పది రోజుల తర్వాత వెళ్తే తొడల వెనక కమిలిన గీతలు. "పొద్దున టమాటా కోతకు పోతా కూర్చోబెడతాను సార్, మధ్యాన్నం వచ్చి తీస్తాను" అంది. పదిహేను నిమిషాలు చాలని నేను చెప్పలేదు. చెప్పానేమో కూడా, కానీ ఆమె చేత మళ్లీ చెప్పించుకోలేదు. అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా నేను చూపించాక అమ్మ నాకు చూపించాల్సిందే. ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి, ఏం కనిపిస్తే నాకు ఫోన్ చేయాలి, ఇవన్నీ ఆమె నోటితో వింటే తప్ప గడప దిగను.

22 మందినీ ఒకే హాల్లో కుక్కకండి. ఐదారుగురు చొప్పున మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది), ఫిజియోథెరపీ ఉండే రోజు కనుక్కుని తీసుకెళ్లండి. అక్కడి టీచర్లను ముందే అడిగిపెట్టుకుంటే కాదనరు.

రిటైర్డ్_సూపర్వైజర్ | 13 జూన్, ఉదయం 6:10

తెల్లారి కాఫీతో ఇది చదివి నవ్వొచ్చింది. అంగన్వాడీలను నడిపే మా ఐసీడీఎస్ పథకంలో ట్రైనింగులు ఎలా దిగేవో తెలుసా? పైన చిక్కటి పెరుగు తోడుపెడతారు. జిల్లాకొచ్చేసరికి మజ్జిగ. ప్రాజెక్టుకు పలచటి మజ్జిగ. సెక్టార్ మీటింగులో టీచర్ గ్లాసులో పడేటప్పటికి ఉప్పు వేసిన నీళ్లు. పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. ఆ పలచబడటం మాత్రం నేను రిటైరయ్యే రోజు వరకూ చూశాను.

నేను చేసిన ఒకే ఒక్క మంచి పని చెప్తాను. సెక్టార్ మీటింగ్ ఏ ఊళ్లో జరిగితే ఆ ఊళ్లో ఒక ఇంటికి, రిజిస్టర్లు మూసేశాక, ఇద్దరు టీచర్లను వెంటేసుకుని పోయేదాన్ని. ఒక్క ఇల్లు, అరగంట. పైనుంచి ఎవరూ చెప్పలేదు, టీఏ రాలేదు. ఏ సర్క్యులర్ చెప్పనిది వాళ్లు ఆ అరగంటలో నేర్చుకునేవారు. నాకైతే అంతకన్నా పెద్ద విద్య తెలియదు.

పూతలపట్టు_టీచర్ | 13 జూన్, మధ్యాహ్నం 2:35

అంగన్వాడీ టీచర్‌ని. పిల్లలు పడుకున్నారు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాకు పేపర్ మీద అన్నీ ఉన్నాయి. 2023 నవంబరులో దివ్యాంగ పిల్లల కోసం అంగన్వాడీ ప్రోటోకాల్ వచ్చింది. మూడేళ్ల లోపు పిల్లలకు నవచేతన, ఆ పైవాళ్లకు ఆధారశిల అనే మార్గదర్శకాలు వచ్చాయి. తల్లీబిడ్డల కార్డులోనే బొమ్మలు ఉన్నాయి, ఏ నెలకు తల నిలపాలి, ఏ నెలకు కూర్చోవాలి అని. గుర్తుపట్టడం మాకు రాక కాదు. గుర్తుపట్టాక?

మా సెంటర్లో రెండున్నరేళ్ల పాప ఉండేది. ఒకరోజు ఆయా చేతిలోంచి స్టీలు ప్లేట్లు జారి దబదబా పడ్డాయి. అందరూ ఉలిక్కిపడి తిరిగారు. ఈ పాప కూడా తిరిగింది, కానీ అందరూ తిరిగాక తిరిగింది. వాళ్లమ్మను అడిగితే "దానికి మొండితనం టీచర్, పిలిస్తే పలకదు" అంది. స్కూళ్లకు, అంగన్వాడీలకు వచ్చే డాక్టర్ల టీమ్ అప్పుడే వచ్చి వెళ్లింది. అంగన్వాడీకి ఏడాదికి రెండుసార్లే వస్తారు. మళ్లీ వచ్చేదాకా ఆగాను. నాలుగు నెలలు పైనే. ఇప్పుడు పాపకు వినికిడి మిషన్లు పెట్టారు, బాగుంది. కానీ ఆ నాలుగు నెలలు గుర్తొస్తే నిద్ర పట్టదు. నాకు ఒక్క ఫోన్ నంబరు ఉండి ఉంటే ఆ రోజు సాయంత్రమే చేసేదాన్ని. మేడమ్ గారూ, మీ వాళ్లకు బొమ్మల సంచి బదులు ఆ నంబరు ఇవ్వండి.

చెవిలో_మాట, ఆడియాలజిస్ట్ | 13 జూన్, రాత్రి 8:15

టీచర్ గారూ, ప్లేట్లు పడ్డ చప్పుడుకు తిరిగిందని చాలామంది ఊరుకుంటారు. "అందరూ తిరిగాక తిరిగింది" అని గమనించారు చూడండి, అది మామూలు విషయం కాదు. వినపడని పిల్లలకు కళ్లు చురుకు. నేల అదిరినా, పక్కవాళ్లు కదిలినా పట్టేస్తారు. అందుకే చప్పట్లు, గిన్నెలతో ఇంట్లో చేసే పరీక్షను నమ్మి "బాగానే వింటున్నాడు" అని ఎవరూ రాయొద్దు. పెద్ద శబ్దాలు వినిపించి, "స", "ష" లాంటివి వినిపించని పిల్లలూ ఉంటారు. పుట్టిన నెలలోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స. దీన్ని ఒకటి-మూడు-ఆరు అంటాం. రెండున్నరేళ్లకు తెలిసిందంటే ముందే ఎంత జారిపోయిందో చూడండి.

ఇక సపోర్ట్ సంగతి. మిషన్ పెట్టి ఇంటికి పంపాక కథ మొదలవుతుంది. పసిపిల్లల చెవి పెరుగుతుంది, చెవిలో మిషన్‌ను పట్టి ఉంచే అచ్చు పెరగదు. కొన్ని నెలలకే వదులై కీచుమంటుంది. ఆ కీచు భరించలేక ఇంట్లో వాళ్లు మిషన్ ఆపేసి బీరువాలో పెడతారు. అచ్చు మార్చాలన్న సంగతి వాళ్లకు చెప్పినవాళ్లే ఉండరు. మీ వర్కర్లు వినికిడి పాఠాలు చెప్పక్కర్లేదు. వెళ్లిన ప్రతిసారీ ఈ చిన్న పని చేయిస్తే చాలు. అమ్మ బిడ్డ పక్కన కూర్చుని, పెదాలు కనపడకుండా నోటికి అడ్డం పెట్టుకుని, ఆరు శబ్దాలు ఒక్కొక్కటే అనాలి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. బిడ్డ ఆట ఆపి చూసిందా, తిరిగిందా? నిన్న "స్" కి తిరిగి ఇవాళ తిరగలేదంటే బ్యాటరీనో, ట్యూబులో చెమటో, అచ్చో, చెవిలో చీము పట్టడమో చూడాలి. దీనికి లింగ్ పరీక్ష అని పేరు. రెండు నిమిషాల పని.

కాళహస్తి_నాన్న | 13 జూన్, రాత్రి 11:50

ఇక్కడ అందరూ పనిచేసేవాళ్లే ఉన్నట్టున్నారు. పని చేయించుకున్నవాడిని నేను.

మా అబ్బాయికి ఆటిజం. రెండేళ్లకు మాటల్లేవు. "మగపిల్లలకు ఆలస్యమే", "మేనమామకూ నాలుగేళ్లకే వచ్చాయి" అన్నారు. మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతాడట. ఆమెనేమీ అననులెండి, ఆమెకు తెలిసిన వైద్యం ఆమె చేసింది. నా బాధ చదువుకున్నవాళ్లతో. ఒకమ్మాయి వచ్చి 20 ప్రశ్నల ఫారం నింపుకుంది. అందులో "వేలుతో చూపిస్తాడా?" అని అడిగింది. మా ఆవిడ చూపిస్తాడంది. నిజమే, బిస్కెట్ డబ్బా చూపిస్తాడు. "అవును" అని టిక్కు. ఏడాది తర్వాత వెల్లూరు సీఎంసీలో మేడమ్ అడిగిన ప్రశ్న వేరు: "కావాలని చూపించడం కాదండీ. ఆకాశంలో విమానం పోతుంటే, మీరూ చూడండి అని చూపించి మీ మొహం వైపు చూస్తాడా?" అప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒక్కసారి కూడా చూపించలేదు.

"ఇవ్వు" అని చూపడం వేరు, "చూడు" అని చూపడం వేరు. ఆ అమ్మాయికి ఈ తేడా ఎవరూ చెప్పి ఉండరు. ఏడాది పోయింది మాకు.

ఇంకోటి. ఇంటికొచ్చి రోజూ గంటసేపు ఈ ఎక్సర్‌సైజులు చేయించండి అని రాసిచ్చిపోతారు. ఇద్దరం పనికి పోతాం. ఆ గంట ఎక్కడుంది? చేయలేదని చెప్తే "పేరెంట్స్ కోఆపరేట్ చేయట్లేదు" అని రాసుకుంటారు. ఆ రిజిస్టర్ నేను చూశాను.

చిత్తూరమ్మాయి_అమెరికా | 14 జూన్, ఉదయం 5:20

నాన్న గారూ, ఆ చివరి వాక్యం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఇక్కడ ఇదే పనిలో ఉన్నాను. ఇక్కడి దివ్యాంగ పిల్లల చదువుల చట్టంలో మూడేళ్ల లోపు పిల్లల భాగం 1986లో వచ్చింది. రిఫరల్ వచ్చిన 45 రోజుల్లో కుటుంబంతో కూర్చుని ప్లాన్ రాయాలి, ఆరు నెలలకోసారి తిరిగి చూడాలి. పనిచేసేవాళ్ల శిక్షణకు ప్రతి రాష్ట్రంలో ఒక ఏర్పాటు ఉండాలని కూడా అదే చట్టం అంటుంది.

మేమూ మొదట్లో బొమ్మల సంచులు మోసేవాళ్లమే. నాకు సీనియర్ ఒకావిడ ఉండేది. మొదటి నెల నా సంచి కారులోనే వదిలేయించింది. "వాళ్లింట్లో ఏముందో దాంతో చేయి. నువ్వెళ్లిపోయాక మిగిలేది అదే" అంది. చేతులు కట్టేసినట్టయింది నాకు. కానీ అప్పుడే చూడటం మొదలైంది: వీళ్లు బిడ్డకు అన్నం ఎలా పెడతారు, స్నానం ఎవరు చేయిస్తారు, ఏడిస్తే ఎవరెత్తుకుంటారు. విడిగా గంట అక్కర్లేదు. స్నానంలో, బట్టలేసేటప్పుడు, దోబూచులాటలో రెండేసి నిమిషాలు. అమ్మ చేస్తుంది, మనం పక్కన కూర్చుని చూస్తాం, "ఇప్పుడు వాడేం చేశాడు చూశారా?" అని అడుగుతాం. దీన్నే కోచింగ్ అంటారు. ఎంసెట్ కోచింగ్ కాదు!

ఆ సీనియర్ నన్ను రెండు వారాలకోసారి కూర్చోబెట్టి అడిగేది, "ఈసారి ఏ ఇంట్లో నీకు ఏం తోచలేదు?" అని. మార్కులు వేయడానికి కాదు. నిలబడ్డానంటే దాని వల్లే.

ఊరికే_చదివేవాడు | 14 జూన్, ఉదయం 9:05

అక్కడి 45 రోజులు, ఇక్కడి బస్సుకు 45 నిమిషాలు. అమెరికా కబుర్లు వినడానికి బాగుంటాయి. ఒక వర్కర్‌కు రెండు పంచాయతీలు, రోజుకు నాలుగిళ్లు. పక్కన కూర్చుని చూడ్డానికి ఎవరుంటారు?

చిత్తూరమ్మాయి_అమెరికా | 14 జూన్, ఉదయం 9:40

ఒప్పుకుంటాను అన్నా. ఇక్కడా మనుషులు చాలరు, ఏడాదిలోపే మానేసేవాళ్లు బోలెడుమంది. చట్టాన్ని తెచ్చుకోమనట్లేదు. పక్కన కూర్చునేది సీనియరే కావాలని లేదు, మరో వర్కర్ అయినా చాలు. ఇద్దరు కలిసి ఒకే ఇంటికి నెలకోసారి వెళ్తే నాలుగిళ్లు మూడవుతాయి, అంతే.

మొబైల్_టీమ్_డాక్టర్ | 14 జూన్, రాత్రి 9:30

టీచర్ గారు చెప్పిన డాక్టర్ల టీమ్ లాంటి దాంట్లోనే పనిచేస్తాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మాది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ చూస్తాం. మావైపు నుంచి ఒక మాట.

వంకరపాదం ఉన్న పసిబిడ్డ దొరికితే దారి స్పష్టం. వారం వారం కట్టు మారుస్తారు, పాదం తిన్నగా వస్తుంది, ఇంటిల్లిపాదీ కళ్లారా చూస్తారు. తంటా అంతా ఆ తర్వాతే. బ్రేస్ బూట్లు మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు వేయాలి, తర్వాత నాలుగేళ్ల వరకూ రాత్రిళ్లు. పాదం బాగుందిగా అని తీసేస్తారు, మళ్లీ వంకరపోతుంది. అక్కడ కావాల్సింది డాక్టర్ కాదు, వారానికోసారి ఇంటికెళ్లి "రాత్రి బూట్లు వేశారా అమ్మా" అని అడిగే మనిషి.

ఎదుగుదల ఆలస్యానికి ఆ మాత్రం దారీ లేదు. జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు (చిన్న వయసులోనే థెరపీ మొదలుపెట్టే చోటు) పంపిస్తాం. ఒక రోజు కూలి, ఇద్దరికి బస్సు చార్జీ, అక్కడ క్యూ. రెండోసారి వెళ్లరు. మేము రిఫర్ చేశామని రాసుకుంటాం, వాళ్లు రాలేదని సెంటర్ రాసుకుంటుంది. మధ్యలో బిడ్డకు ఒక ఏడాది పెరుగుతుంది. మీ వర్కర్ మొదటిసారి తోడు వెళ్లగలిగితే చాలు, థెరపిస్ట్ చెప్పింది ఇంట్లో ఎలా చేయాలో ఆమె విని వస్తుంది. ట్రైనింగ్ బడ్జెట్‌లో ఆ బస్సు చార్జీ కూడా వేసుకోండి.

ఇంకా, ఆశా కార్యకర్తలు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఇళ్లకు వెళ్తారు. తొమ్మిదో నెల విజిట్‌కు మీవాళ్లు కూడా కలిసి వెళ్లండి. కూర్చోలేని బిడ్డ అప్పుడే కళ్లబడుతుంది.

చాప_మీద_బడి | 15 జూన్, రాత్రి 10:00

అందరికీ దండాలు. రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. కాళహస్తి నాన్న గారి "చూడు" అని చూపడం దగ్గర ఆగిపోయాను. మా ఫారాలన్నీ తీసి మళ్లీ చదివాను. "ఫైన్ మోటార్" అనే చోట మా వాళ్లు "సూక్ష్మ చలన నైపుణ్యాలు" అని తెలుగులో రాసుకున్నారు. ఏ అవ్వకు అర్థమవుతుంది అది? వేళ్ల పని అంటే సరిపోయేది. "ఐ కాంటాక్ట్" కు "నేత్ర సంబంధం" అని రాశారు, ఏదో కళ్ల జబ్బులా ఉంది! బోర్లా పడటం, పారాడటం, దోగాడటం, తప్పటడుగులు... మన ఇళ్లలో ప్రతి దశకూ మాట ఉంది. ఆ మాటలు వదిలేసి ఫారం రాశాం.

పాకాల_అమ్మాయి | 16 జూన్, ఉదయం 7:15

మేడమ్, ఆ కార్డులు చూపించింది నేనే. మా గ్రూపులో ఎవరో లింక్ పెట్టారు.

కోపం లేదు. కానీ ఒకటి చెప్పాలి. ఆ అవ్వను, చేటను నేను చూశాను. బాబు చెయ్యి కదపడం కూడా చూశాను. అయినా కార్డులే ఎందుకు చూపించానంటే, మన విజిట్ ఫారంలో "వాడిన సామగ్రి" అని ఒక కాలమ్ ఉంది. దాంట్లో చెనిక్కాయల చేట అని రాస్తే ఊరుకుంటారా? పోయినసారి ఒకమ్మాయి "ఏమీ లేదు, పాపతో స్నానం చేయించాం" అని రాస్తే ఆఫీసులో అడిగారు, సంచి ఎందుకు వాడలేదని. పైగా ఆ రోజు మీరు వచ్చారు. మీ ఎదుట ఏదో ఒకటి చేయాలి కదా.

డౌటొస్తే ఫైల్ చూస్తానన్నది కూడా అందుకే. తెలియదంటే పని రాదనుకుంటారని.

చాప_మీద_బడి | 16 జూన్, ఉదయం 7:50

అమ్మా, ఆ రోజు నేను చూడాల్సింది నిన్ను కాదు, ఫారాన్ని. అడగకుండా నీ గురించి పదిమందిలో రాశాను, అదీ తప్పే. క్షమించు. సాయంత్రం ఫోన్ చేస్తాను.

రిటైర్డ్_సూపర్వైజర్ | 16 జూన్, ఉదయం 8:30

పాకాల అమ్మాయీ, నువ్వు ఆ ఉద్యోగం మానకు తల్లీ.

పునరావాస_పాఠాలు | 16 జూన్, రాత్రి 7:00

ఒక హెచ్చరిక చెప్పి పోతాను, మధ్యలో అడ్డు తగిలాననుకోకండి. శిక్షణ ఇచ్చాం కదా అని మీ వర్కర్లను "థెరపిస్ట్" అని పిలవకండి, కరపత్రాల్లో రాయకండి. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ మండలిలో రిజిస్టరైనవాళ్లే పునరావాస నిపుణులుగా పనిచేయాలి. పై చదువు కావాలనుకునే అమ్మాయిలకు దారి చూపండి. సీబీఐడీ అని ఆరు నెలల డిప్లొమా ఉంది, సమాజంలో ఉండి పనిచేసేవాళ్ల కోసమే పెట్టింది. నిపుణుల సాయానికి నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ సీఆర్సీ ఉంది, సికింద్రాబాదులో మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ నీపిడ్, చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవాళ్ల జాతీయ సంస్థ నీప్మెడ్ ఉన్నాయి. ఉత్తరం రాసి అడగండి. ముట్టుకాడు వాళ్లతో తమిళం వచ్చిన అమ్మాయి చేత మాట్లాడించండి. మీవైపు అలాంటివాళ్లకు కొదవ లేదుగా.

చాప_మీద_బడి | 22 జూన్, రాత్రి 9:15

ఇలా అనుకుంటున్నాం. హాలు లేదు. ఐదారుగురు చొప్పున నాలుగు జట్లు. ప్రతి జట్టుకూ నెలలో ఒక రోజు భవిత కేంద్రంలో, ఒక రోజు ఒక ఇంట్లో. ఇద్దరిద్దరు కలిసి నెలకో విజిట్. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు నా ఫోన్ వీళ్లకే. పలమనేరు ఫిజియో గారు శుక్రవారం లైన్లోకి వస్తానన్నారు. "వాడిన సామగ్రి" కాలమ్ కొట్టేసి "ఇంట్లో ఎవరు ఏం చేశారు" అని పెట్టాను.

విజిట్ వీడియోలు తీసి గ్రూపులో పెట్టుకుని చర్చించాలనుకున్నాను. కాళహస్తి నాన్న గారు మెసేజ్‌లో గట్టిగా వద్దన్నారు. బిడ్డ వీడియో పదిమంది ఫోన్లలో తిరగడం ఏ ఇంటికీ ఇష్టముండదన్నారు. సబబే. అమ్మ ఫోన్లోనే తీసి, అమ్మతోనే చూసి, అక్కడే ఉంచేస్తాం.

పూతలపట్టు_టీచర్ | 22 జూన్, రాత్రి 9:50

ఇప్పుడు తోతాపురి కోతలు మేడమ్. జులై దాకా పొద్దున ఇళ్లలో ఎవరూ ఉండరు, తోటలకో గుజ్జు ఫ్యాక్టరీలకో పోతారు. సాయంత్రం పాలు పోసే టైముకు వెళ్లండి, తల్లి, బిడ్డ, అవ్వ అందరూ పాల కేంద్రం దగ్గరే దొరుకుతారు. వచ్చే ఏడాది ట్రైనింగ్ మేలో పెట్టేట్టయితే గంగమ్మ జాతర వారం చూసుకోండి. ఆ వారం ఎవరూ రారు, నేనూ రాను.

చాప_మీద_బడి | 19 సెప్టెంబరు 2025, రాత్రి 8:40

మూడు నెలలైంది, ఎలా ఉందో రాస్తానన్నాను కదా.

మొదటి నెల ఫోన్ ఒక్కటీ మోగలేదు. ఐదు నుంచి ఆరు దాకా ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత నేనే మొదలుపెట్టాను, నాకు తెలియని ఒక కేసు చెప్పి "మీరైతే ఏం చేస్తారు?" అని. అప్పుడు కదిలారు. ఇప్పుడు శుక్రవారం గంట చాలట్లేదు.

ఇద్దరిద్దరి విజిట్లు సగమే జరిగాయి. ఒక జంటలో ఇద్దరికీ పడదు, విడదీయాల్సి వచ్చింది. డబ్బులిచ్చేవాళ్లు కొత్త ఫారం చూసి, సామగ్రి కాలమ్ తిరిగి పెట్టమన్నారు. లెక్కలకు కావాలట. పెట్టాం. పాకాల అమ్మాయి ఆ కాలమ్‌లో ఇప్పుడు "చేట, పాత చీర, అవ్వ" అని రాస్తోంది. ఆఫీసులో ఇంకా ఎవరూ అడగలేదు.

ఆ బాబును మొన్న చూశాను. అవ్వ కాళ్లు చాపుకుని, మధ్యలో వాణ్ణి కూర్చోబెట్టుకుంటోంది. ముందు చేట. ఒలవని కాయలు వాడు రెండు చేతులతో తీసి పక్కన గిన్నెలో వేస్తున్నాడు. పడిపోతానని భయమేస్తే అవ్వ మోకాలు పట్టుకుంటున్నాడు. వెనక ఆనుడు లేకుండా ఎంతసేపు కూర్చున్నాడని అడిగితే అవ్వ "గిన్నె నిండేదాకా" అంది. చిన్న గిన్నేలెండి.

ఫిజియో_పలమనేరు | 19 సెప్టెంబరు, రాత్రి 9:05

తుంటి తిన్నగా ఉందా, ఒకవైపు బరువు వేస్తున్నాడా? కుడిచెయ్యే ముందు కదుపుతున్నాడని మీరు జూన్‌లో రాశారు. ఎడమచెయ్యి ఎంత వాడుతున్నాడో చూడాలి. గిన్నెను ఎడమ పక్కన పెట్టించి చూడమనండి.

పాకాల_అమ్మాయి | 19 సెప్టెంబరు, రాత్రి 9:20

పెట్టి చూశాం సార్. ఎడమ పక్కన పెడితే కుడిచేత్తోనే ఒంటి మీదుగా వేస్తున్నాడు. ఎడమచేతి బొటనవేలు లోపలికి మడిచే ఉంటోంది. నాకు తెలియట్లేదు. సోమవారం అవ్వతో కలిసి వస్తే చూస్తారా? పాకాల నుంచి ఎన్నింటి బస్సుకు బయల్దేరమంటారు?